పాతది ఇస్తేనే కొత్తది

మా బావ క్రీస్తుదాసు దగ్గర ఒక కొత్త బల్బు సంపాదించడం కంటే రేషన్ కార్డులో పేరు ఎక్కించుకోవడం తేలిక. ఈ మాట నేను ఆయన ముందే చాలాసార్లు అన్నాను. ఆయన దాన్ని పొగడ్త అనుకుంటాడు.

కృష్ణపట్నం వైపున్న ఒక థర్మల్ ప్లాంటులో, అది మొదలైనప్పటి నుంచి, ఆయన స్టోర్సులో పనిచేస్తున్నాడు. లోపల రాష్ట్రానికంతా కరెంటు తయారవుతుంటుంది. బావ ఒక చిన్న కిటికీ వెనక కూర్చుని స్పానర్లు, చేతి తొడుగులు, బల్బులు ఇస్తుంటాడు. 'ఇవ్వడం' అని ఆయన ముందు అనకూడదు, 'ఇష్యూ చేయడం' అనాలి. అక్కడొక పద్ధతి ఉంది. పాడైపోయిన వస్తువు తెచ్చి కిటికీలో పెడితేనే కొత్తది ఇష్యూ అవుతుంది. మాడిన బల్బు తెస్తే కొత్త బల్బు, చిరిగిన తొడుగు తెస్తే కొత్త తొడుగు. అంతమంది తిరిగే చోట అది మంచి పద్ధతే. ఇద్దరే మనుషులున్న ఇంట్లో అది దేనికో ఆ దేవుడికే తెలియాలి.

మా అక్క రెబెక్కమ్మ అరిగిపోయిన సబ్బు పలుకు చూపించి కొత్త సబ్బు తీసుకుంటుంది. నేను కళ్లారా చూశాను. అడ్డంగా కోసి లోపల ఏమీ లేదని రుజువు చేసిన పేస్టు ట్యూబు చూపిస్తే తప్ప కొత్తది బీరువాలోంచి బయటికి రాదు. బీరువా తాళం బావ నడుముకు ఉంటుంది. పైగా ఇంట్లో ప్రతి వస్తువు మీదా ఎర్ర రంగుతో, దాసు అనడానికి గుర్తుగా, 'దా' అని రాసి ఉంటుంది. చెంబుల అడుగున, గొడుగు పిడి మీద, బల్బుల ఇత్తడి మూతి మీద. ఆ రంగు గోళ్ల రంగు. మా అక్క పెళ్లిలో కూడా గోళ్లకు రంగు వేసుకోలేదు. ఏటా ఎర్ర సీసా అడిగేసరికి ఫ్యాన్సీ షాపు మస్తానమ్మ ఇప్పటికీ ఆమెను అదోలా చూస్తుంది.

ఇలాంటి ఇంట్లో ఒక ఏడాది డిసెంబరులో వరండా బల్బు మాయమైంది.

పగటి షిఫ్టు దిగి సాయంత్రం ఇంటికి వచ్చిన బావ స్విచ్చి వేశాడు. వెలగలేదు. తలెత్తి చూస్తే హోల్డరు ఖాళీ. అప్పట్లో అది గుండు బల్బు, పసుపు వెలుగుది. పాతది ఏదని అక్కను అడిగాడు. తెలియదంది. ఇక ఆయన దర్యాప్తు మొదలైంది. ఆ మధ్యాహ్నం వీధిలో క్రికెట్టు ఆడుతున్న పిల్లల్లో ఒకడు బంతి కోసం వరండాలోకి వచ్చాడని ఎవరో చెప్పారు. వాడు ఫ్రెడ్డీ. బావ ప్రాణస్నేహితుడు హెబ్రోను కొడుకు, అప్పుడు పదో తరగతి. దర్యాప్తు అక్కడితో పూర్తయింది.

ఆదివారం ఆరాధన అయిపోయి అందరూ బయట చెప్పులు వెతుక్కుంటుండగా, బావ ఆ పిల్లవాడి భుజం పట్టుకుని, మా ఇంటి బల్బు ఏం చేశావని గట్టిగా అడిగాడు. వాడు తీయలేదన్నాడు. దొంగలందరూ అదే అంటారని బావ అన్నాడు. హెబ్రోను ముఖం కందగడ్డ అయింది. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. మా అక్క వైపు ఒక్కసారి చూశాడు. మళ్లీ నోరు మూసుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు. నిజం చెప్పొద్దూ, ఆ మౌనం చూసి పేటలో సగం మంది దొంగతనం జరిగే ఉంటుందనుకున్నారు.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. చిన్నప్పుడు ఒకే సైకిలు మీద బడికి పోయినవాళ్లు, చర్చిలో ఒకరు కుడి వైపు చివర, ఒకరు ఎడమ వైపు చివర కూర్చోవడం మొదలుపెట్టారు. ఫ్రెడ్డీకి మాత్రం వీధి పిల్లలు 'బల్బు' అని పేరు పెట్టారు. వాడు ఇంటరు చదివాడు, డిప్లొమా చదివాడు, పోర్టులో ఉద్యోగం తెచ్చుకున్నాడు, మీసం కూడా తెచ్చుకున్నాడు. పేరు మాత్రం పోలేదు.

బావ ఊరుకున్నాడా? కొత్తగా ఎల్ఈడీ బల్బు కొన్నాడు. ఈసారి దొంగ చెయ్యి పడకుండా, పైపుల లీకులకు పెట్టే ఎంసీలు ముద్ద పిసికి, బల్బు మెడకూ హోల్డరుకూ మధ్య గట్టిగా మెత్తాడు. దొంగకు అందకూడదని వైరు కూడా పైకి లాగి, కప్పుకు దగ్గరగా కట్టేశాడు. ఆ సాయంత్రం నన్ను పిలిచి మరీ చూపించాడు. ఇక ఎవడూ తీయలేడు చూసుకో అన్నాడు. అంత నిజమైన మాట ఆయన జీవితంలో మరొకటి అనలేదు.

ఇక మా అక్క సంగతి. క్రిస్మస్ నెల వచ్చిందంటే మా పేటలో ప్రతి ఇంటి ముందూ కాగితం నక్షత్రం వెలగాలి. చర్చి పాటల బృందం నక్షత్రం వెలిగే ఇళ్ల ముందు ఆగి, పాడి, లోపలికి వచ్చి కూర్చుని ఏదైనా తిని వెళుతుంది. నక్షత్రం లేని ఇంటి ముందు ఆగకూడదని ఎక్కడా రాసి లేదు, అయినా ఆగరు. బృందానికి డోలక్కు వాయించి ముందు నడిచేది హెబ్రోను. గొడవ అయినప్పటి నుంచి మా అక్క ఇంటి ముందు ఆయన కరెంటు స్తంభం దాటి రాడు. పెద్దవాడు గేటు దాటనప్పుడు మిగతావాళ్లు మాత్రం ఎలా దాటుతారు? గేటు దగ్గరే ఒక్క చరణం పాడి, సంతోషమని చెప్పి వెళ్లిపోతారు. అక్క ప్రతి ఏడూ డబ్బా నిండా మురుకులు, కజ్జికాయలు చేస్తుంది. ప్రతి ఏడూ జనవరి దాకా అవి మేమే తింటాం. ఆమె తలుపు పక్కన నిలబడి ఆ ఒక్క చరణం చివరిదాకా వింటుంది.

ఈ ఏడాది ఆ ఒక్క చరణానికీ ఎసరొచ్చింది. క్యారల్స్ ఆదివారం అనగా, ఆ వారం మొదట్లో వరండా బల్బు నాలుగుసార్లు రెప్పలు కొట్టి ఆరిపోయింది. బావ ఏటా ఆ బల్బు చుట్టూనే నక్షత్రాన్ని విప్పి దారం కట్టేవాడు కాబట్టి ఇన్నాళ్లూ దాన్ని దించాల్సిన పని పడలేదు. ఇప్పుడు పడింది.

మొదటి రోజు ఆయన భోజనాల బల్ల వరండాలోకి లాగి, దాని మీద ప్లాస్టిక్ స్టూలు వేసి, దాని మీద తాను ఎక్కాడు. స్టూలు పట్టుకోవడం నా వంతు. ముత్తుకూరులో నా జిరాక్సు షాపు మూసుకుని మరీ వచ్చాను. బల్బు పట్టుకుని తిప్పాడు. బల్బు తిరగలేదు, స్టూలు తిరిగింది. రెండో రోజు చేతికి గుడ్డ చుట్టుకుని తిప్పితే బల్బుకున్న తెల్లటి బుర్ర ఊడి చేతిలోకి వచ్చింది. మిగతా మొండెం హోల్డరులోనే ఉండిపోయింది. మూడో రోజు కొబ్బరి నూనె పోశాడు. నూనె ఎంసీలు మీదుగా జారి, ఆయన మోచేతి మీదుగా దిగి, నా నెత్తిన పడింది. ఫోనులో ఎవరో కుర్రవాడు వీడియోలో నవ్వుతూ, ఇలా పైకి నొక్కి అలా తిప్పండి, వచ్చేస్తుంది అని చూపించాడు. బావ నొక్కాడు. ఎంసీలు పెట్టిన మనిషి పనితనం గొప్పది, ఇసుమంతైనా కదల్లేదు.

ఎలక్ట్రీషియన్‌ను పిలుద్దామంటే ఒప్పుకోలేదు. ప్లాంటులో పెంచల్ అనే ఎలక్ట్రీషియన్‌ను మాత్రం, మా స్నేహితుడి ఇంట్లో ఇలా అయిందని మాటల మధ్య అడిగాడట. ఏ తెలివైనోడు సార్ బల్బుకి ఎంసీలు పెట్టింది అని పెంచల్ పడీ పడీ నవ్వాడట. ఆ తరువాత బావ ఎవరినీ అడగలేదు.

శుక్రవారం సాయంత్రం మా అక్క ఓపిక పట్టలేక, ఆ హోల్డరును వదిలేసి, పక్కన ఇంకో వైరు లాగి కొత్త బల్బు పెట్టుకుందాం, బీరువా తీయమని అడిగింది. బావ చెయ్యి అలవాటుగా నడుము దగ్గర తాళంచెవి మీదికి పోయింది. అక్కడే ఆగింది.

"పాతది యాడ?" అన్నాడు.

అక్క వేలు పైకి చూపించింది.

"అది ఇంకా దిగలా గదా," అన్నాడు బావ.

నాకు ఒళ్లు మండింది. ఆయన వెటకారం చేస్తున్నాడేమో అని ముఖంలోకి చూశాను. లేదు. ఆ మనిషి నిజంగానే ఇబ్బంది పడుతున్నాడు. తన పద్ధతి ప్రకారం బల్బు ఇష్యూ చేయలేడు, తన పద్ధతి ప్రకారం బిగించిన బల్బును దించలేడు. రెండు పద్ధతుల మధ్య ఇరుక్కుని, నూనె కారుతున్న మోచేతితో నిలబడి ఉన్నాడు. మా అక్క వంటింట్లోకి పోయి, చేసి పెట్టిన మురుకుల డబ్బా మూత గట్టిగా బిగించింది. ఆ మూత చప్పుడు నాకు నచ్చలేదు.

మర్నాడు పొద్దున ఆమె నన్ను పెరట్లోకి పిలిచింది.

"జీవా, హెబ్రోనన్న ఇంట్లో గుడి నిచ్చెన ఉండాది. నేనడిగినానని చెప్పి తీసకరా," అంది. ఆ మాట చెబుతుంటే ఆమె కళ్లు నీళ్లతో నిండాయి. ఒక నిచ్చెనకు ఏడవడం ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

హెబ్రోను ఇళ్లకు రంగులు వేసే మేస్త్రీ. మావాళ్లు గుడి అనే చర్చి నిచ్చెన, డోలక్కు, పాత నక్షత్రాలు అన్నీ ఆయన వసారాలోనే ఉంటాయి. నేను విషయం చెప్పాను. బల్బు అనగానే ఆయన చేతిలో బ్రష్షు ఆగింది. ఎంసీలు అనగానే పెదవి కొస కొంచెం వణికింది, నవ్వు ఆపుకున్నాడు. నిచ్చెన ఒక్కటే ఇచ్చి పంపిస్తాడనుకున్నాను. అక్క అడిగిందని చెప్పేసరికి చొక్కా వేసుకుని, నిచ్చెన ఒక కొస నా భుజాన పెట్టి, రెండో కొస తానెత్తుకున్నాడు. చేతిలో ఒక పాత కాగితం నక్షత్రం కూడా పట్టుకున్నాడు. దానికి వైరు, హోల్డరు, లోపల బల్బు అన్నీ ఉన్నాయి, మీ హోల్డరు పాడైతే ఇది పనికొస్తుందన్నాడు. కరెంటు స్తంభం దగ్గరికి వచ్చేసరికి ఆయన అడుగు తడబడింది. నిచ్చెన నా భుజం మీద ఒకసారి బరువెక్కింది. అంతే, దాటేశాడు.

బావ వరండాలో ఉన్నాడు. వచ్చిన మనిషిని చూసి లేచి నిలబడ్డాడు. ఎవరూ పలకరించుకోలేదు. ఇద్దరూ నన్నే చూసి మాట్లాడారు. మెయిన్ ఆపమని చెప్పు అని ఆయన నాతో అన్నాడు. ఆపేశానని చెప్పు అని ఈయన నాతో అన్నాడు. అడుగు దూరంలో ఉన్న ఇద్దరు మనుషుల మధ్య నేను టెలిఫోను తీగనయ్యాను.

హెబ్రోను నిచ్చెన ఎక్కి, రంగులు గీకే రేకుతో ఎంసీలును కాసేపు గీకాడు. దుమ్ము కూడా రాలలేదు. పట్టకారుతో పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. కప్పులో వైరు కట్టిన, సముద్రపు గాలికి తుప్పు పట్టిన కొక్కెం, దాని చుట్టూ ఉన్న సిమెంటు పెళ్లతో సహా ఊడి కింద పడింది. బల్బు, హోల్డరు, ఎంసీలు ముగ్గురూ ఇంకా ఒకరినొకరు వదల్లేదు. కప్పులో గుప్పెడంత గుంట, అందులోంచి రెండు తీగలు. బావ కింద పడిన ఆ ముద్దను తీసి, దుమ్ము దులిపి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. పాతది దిగింది గదా.

హెబ్రోను గుంటలో ఒక మేకు దిగ్గొట్టి, నక్షత్రం వైరును ఆ తీగలకు కలిపి, టేపు చుట్టి వేలాడదీశాడు. మా అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను మెయిన్ వేశాను. నక్షత్రం వెలగలేదు.

"బల్బు పోయుంటాది," అన్నాడు బావ. ఎవరితోనూ కాదు, ఆయనకది ఉద్యోగ ధర్మం. హెబ్రోను దిగి పక్కకు జరిగాడు. బావ తానే నిచ్చెన ఎక్కి, నక్షత్రం కడుపులో చెయ్యి పెట్టి, నొక్కి తిప్పాడు. వారమంతా ఆయన్ను ఏడిపించిన పని అర నిమిషంలో అయిపోయింది. పాత గుండు బల్బు. చెవి దగ్గర ఊపి చూశాడు, లోపల తీగ తెగి గలగలలాడింది. తరువాత, ఏళ్ల తరబడి అలవాటు కొద్దీ, మూతి తిప్పి చూశాడు.

ఇత్తడి మూతి మీద ఎర్రగా, కొంచెం మాడి, 'దా' అని ఉంది.

బావ నిచ్చెన మీదే ఉండిపోయాడు. ఆయన ముఖం ఒక్కసారిగా వెలిగింది, అది చూసి నాకు భయమేసింది. ఇన్నేళ్లకు దొంగసొత్తు దొరికింది, అదీ దొంగ ఇంట్లోంచే వచ్చింది. ఆయన నోరు తెరిచాడు. హెబ్రోను తల వంచుకుని టేపు చుట్టను మళ్లీ మళ్లీ చుడుతున్నాడు.

"నేనే ఇచ్చినాను," అంది మా అక్క.

ఆ రోజు బావ ఇంటికి రాకముందు గుడి ముందర నక్షత్రం బల్బు పోయిందట. హెబ్రోనన్న వచ్చి ఒకటి ఉంటే ఇమ్మని అడిగాడట. బీరువా తాళం బావ దగ్గర ప్లాంటులో ఉంది. దేవుడి పనికే కదా అని వరండా బల్బు తీసి చేతికిచ్చింది. బావ రాగానే చెబుదామనుకుంది.

"మీరు వచ్చీరాగానే పాతది యాడ అన్నారు. నా దగ్గర పాతదీ లేదు, కొత్తదీ లేదు. భయమేసి తెలీదన్నాను. పొద్దున చెప్దాం, ఆదివారం చెప్దాం అనుకునేలోపల మీరు గుడి ముందర ఆ బిడ్డ భుజం పట్టుకున్నారు," అంది. ఆ తరువాత ఆమె ఏడ్చింది, ఎవరున్నారని చూసుకోకుండా ఏడ్చింది.

బావ కింద ఉన్న స్నేహితుడి వైపు చూశాడు. ఇన్నేళ్లలో మొదటిసారి నన్ను మధ్యలో పెట్టకుండా మాట్లాడాడు.

"నువ్వెందుకు చెప్పలేదురా?"

"నేను చెప్తే చెల్లెమ్మకి ఇంట్లో కష్టం. చెప్పకపోతే మావాడికి కష్టం," అన్నాడు హెబ్రోను. "ఆమే చెప్పుకుంటాదిలే, కొంచెం టైం ఇద్దాం అనుకున్నా. అది ఇంత కాలం అయిపాయ."

బల్బు పోయిన ఏడాది క్రిస్మస్ రోజున చర్చి ముందు నిలబడి, ఈసారి మన నక్షత్రం ఎంత బాగా వెలుగుతుందో అని మెచ్చుకున్నవాడు మా బావే. నాకు బాగా గుర్తు. ఆ మాట ఇప్పుడు గుర్తు చేద్దామని నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేశాను. నిచ్చెన మీద నుంచి దిగడానికి ఆయనకు చాలాసేపు పట్టింది, మెట్టు మెట్టుకూ కాలితో వెతుక్కుంటూ దిగాడు.

దిగి నేరుగా లోపలికి పోయాడు. బీరువా తలుపు చప్పుడైంది. రెండు బల్బులతో బయటికి వచ్చాడు. ఒకటి నక్షత్రంలో పెట్టమని నాకిచ్చాడు. రెండోది హెబ్రోను వైపు చాపాడు.

"పాతది వచ్చింది గదా," అన్నాడు. "ఇది ఫ్రెడ్డీకి ఇయ్యి."

క్షమించమని అడగడానికి లోకంలో ఎన్నో మాటలున్నాయి. మా బావకు స్టోర్సు మాట ఒక్కటే వచ్చు. హెబ్రోను ఆ బల్బు వైపు చూశాడు గానీ చెయ్యి చాపలేదు.

"నేనెందుకిస్తాను? రేపు పాటలకి వాడూ వస్తాడు. నువ్వే ఇయ్యి దాసూ," అని నిచ్చెన ఎత్తుకున్నాడు.

ఆదివారం సాయంత్రం పాటల బృందం వచ్చింది. నక్షత్రం వెలుగుతోంది, పైన కప్పులో గుంట కూడా చక్కగా కనపడుతోంది. హెబ్రోను డోలక్కుతో స్తంభం దాటి, గేటు దాటి, వరండాలోకి వచ్చాడు. ఆయన వెనకే అందరూ వచ్చారు. ఫ్రెడ్డీ మాత్రం గేటు బయట ఆగిపోయాడు. ఆ వరండాలోకి బంతి కోసం వచ్చిన రోజు వాడికి గుర్తుండకుండా ఎలా ఉంటుంది?

బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో బల్బు పట్టుకుని గేటు దగ్గరికి నడిచాడు. డోలక్కు ఆగింది. పిల్లల్లో ఎవడో బల్బు అని కిసుక్కుమన్నాడు, పక్కవాడు వాడి కాలు తొక్కాడు.

"ఆ రోజు అందరి ముందర అన్నాను, ఈ రోజూ అందరి ముందరే చెప్తా ఉండా," అన్నాడు బావ. "బల్బు ఫ్రెడ్డీ తియ్యలేదు. మా ఇంట్లోంచే గుడికి పోయింది. నేను తెలుసుకోకుండా బిడ్డని దొంగన్నాను. తప్పు నాది."

మా అక్క పేరు ఆయన ఎత్తలేదు. ఆ ఒక్కదానికి నేను ఆయన్ను సబ్బు పలుకుల సంగతితో సహా క్షమించేశాను.

ఫ్రెడ్డీ చెయ్యి చాపి బల్బు తీసుకున్నాడు. దాన్ని తిప్పి, నక్షత్రం వెలుగులో మూతి దగ్గర పరీక్షగా చూశాడు. ఇత్తడి శుభ్రంగా మెరుస్తోంది.

"పేరు రాయలేదేంది మామా?" అన్నాడు.

"నీదాని మీద నా పేరెందుకబ్బయ్యా," అని బావ గేటు తెరిచి పట్టుకున్నాడు.